లూపస్: పూర్వీకులను బట్టి ముప్పు ఎందుకు మారుతుంది? జన్యువులు చెబుతున్నదేమిటి?

ఢిల్లీ సమీపంలోని పల్లెల్లో 90 వేలకు పైగా జనాభాను జల్లెడ పట్టిన ఒక అధ్యయనం 1993లో వెలువడింది. డాక్టర్ ఎ.ఎన్. మాలవీయ బృందం చేసిన ఆ సర్వే ప్రకారం లక్ష మందిలో లూపస్ ఉన్నవారు సుమారు ముగ్గురు. దాదాపు అదే కాలంలో బ్రిటన్‌లోని లెస్టర్, బర్మింగ్‌హామ్ నగరాల్లోనూ వైద్యులు ఇదే లెక్క తీశారు. భారత ఉపఖండం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాల్లో లూపస్, స్థానిక తెల్లవారిలో కంటే రెట్టింపు, అంతకు పైగా ఉందని తేలింది. ఆఫ్రో-కరీబియన్ కుటుంబాల్లో అది ఇంకా ఎక్కువ.

పూర్వీకుల ఊళ్లు ఉపఖండంలోనే. అయినా ఇక్కడ లెక్కిస్తే లూపస్ చాలా అరుదైన జబ్బు, అక్కడ లెక్కిస్తే తెల్లవారికంటే మనవాళ్లకే ఎక్కువ వచ్చే జబ్బు. ఈ తేడాలో జన్యువుల వాటా ఎంత, వాతావరణం వాటా ఎంత, అసలు రోగాన్ని గుర్తించకపోవడం వాటా ఎంత అన్నది మూడు దశాబ్దాలుగా పరిశోధకులు విప్పుతున్న చిక్కుముడి. ఆఫ్రికా సంతతి, తూర్పు ఆసియన్లు, లాటిన్ అమెరికా మూలవాసుల విషయంలో కొంత ముడి వీడింది. దక్షిణాసియా విషయంలో సమాచారం ఇంకా పలచగానే ఉంది.

శరీరం తనపైనే తిరగబడితే

లూపస్‌లో రోగనిరోధక వ్యవస్థ సొంత కణాలనే శత్రువులుగా భావిస్తుంది. మరీ ముఖ్యంగా కణ కేంద్రకంలో ఉండే డీఎన్‌ఏ, దాన్ని అంటిపెట్టుకుని ఉండే ప్రొటీన్లపై యాంటీబాడీలు తయారవుతాయి. కీళ్ల నొప్పులు, నీరసం, జుట్టు ఊడటం, ఎండ పడకపోవడం, నోటిపూత, ముఖంపై సీతాకోకచిలుక ఆకారంలో మచ్చ సాధారణంగా కనిపించే లక్షణాలు. కిడ్నీలు, మెదడు, గుండె పొర, రక్తకణాలు దెబ్బతింటే ప్రాణం మీదికొస్తుంది. పది మంది రోగుల్లో తొమ్మిది మంది స్త్రీలు. వారిలోనూ ఎక్కువ మంది పిల్లల్ని కనే వయసులో ఉన్నవారే.

ఇక్కడ ఒక మాట. పాఠ్యపుస్తకాల్లో ఆ మచ్చ ఎప్పుడూ తెల్లటి చెంపలపై ఎర్రగా కనిపిస్తుంది. చామనఛాయ, నలుపు చర్మంపై అది గోధుమ రంగులోనో, ఊదా రంగులోనో ఉంటుంది. మంగు అనుకుని క్రీములు రాసుకుంటూ గడిపేవాళ్లు ఎందరో. ఢిల్లీ పల్లెల లెక్కకూ బర్మింగ్‌హామ్ లెక్కకూ మధ్య ఉన్న దూరంలో ఇలాంటి గుర్తించని కేసుల పాత్ర కూడా ఉండి ఉండాలి. పైగా ఢిల్లీ సర్వేలో దొరికిన రోగులు ముగ్గురే. ఇంకో ఇద్దరు కనిపించి ఉంటే ఆ అంకె మరోలా ఉండేది. బ్రిటన్‌లోనే చూడండి: 1999లో లక్షకు 65 ఉన్న లూపస్ రోగుల సంఖ్య 2012 నాటికి 97కు చేరింది. పదమూడేళ్లలో ఒక దేశపు జన్యువులు మారవు. రోగులు ఎక్కువ కాలం బతకడం, వైద్యులు జబ్బును త్వరగా పట్టుకోవడం లాంటి కారణాలతోనూ అంకెలు పెరుగుతాయి.

అమెరికాలో రోగ నియంత్రణ సంస్థ సీడీసీ నడిపిన ఐదు రిజిస్ట్రీల సమాచారాన్ని కలిపి 2021లో ఒక లెక్క ప్రచురించారు. లక్ష మంది స్త్రీలకు చూస్తే లూపస్ ఉన్నవారు తెల్లజాతిలో సుమారు 85, నల్లజాతిలో 231, అమెరికా మూలవాసుల్లో 271. ఆసియన్లలో 84. ఆ చివరి అంకెను చూసి భారతీయులకు ముప్పు తెల్లవారితో సమానం అనుకుంటే పొరపాటు. చైనా, ఫిలిప్పీన్స్, కొరియా, వియత్నాం, భారత్ మూలాలున్న వారందరినీ ‘ఆసియన్’ అనే ఒకే గడిలో వేసి తీసిన సగటు అది. ఆ సగటు లోపల ఎవరి వాటా ఎంతో అది చెప్పదు.

వంశంలో ఉంటే వస్తుందా?

జన్యువుల పాత్ర ఉందనడానికి పాత ఆధారం కవలలు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి లూపస్ ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం నూటికి సుమారు 24 అని, వేర్వేరు అండాల కవలల్లో అది 2 మాత్రమేనని 1992 నాటి అమెరికా అధ్యయనం చెప్పింది. అదే అంకెను తిరగేసి చదివితే, అచ్చంగా ఒకే డీఎన్‌ఏ ఉన్నా నాలుగింట మూడు వంతుల జంటల్లో రెండోవారికి జబ్బు రాలేదు. తైవాన్‌లో దేశ జనాభా మొత్తం ఆరోగ్య బీమా రికార్డులతో 2015లో వెలువడిన మరో పెద్ద అధ్యయనం లూపస్‌లో వంశపారంపర్య వాటా 44 శాతం అని తేల్చింది. మిగిలినది ఇంటి వాతావరణం, వ్యక్తిగత పరిస్థితులు.

తల్లికి లూపస్ ఉంటే కూతురికి వస్తుందా అన్నది ఓపీలో రోగులు తరచూ అడిగే ప్రశ్న. తైవాన్ లెక్కలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఎవరికైనా లూపస్ ఉన్నవారికి ముప్పు మామూలు జనం కంటే 17 రెట్లు ఎక్కువ. వినగానే గుండె జారిపోయే అంకె. కానీ అక్కడ మామూలు జనంలో లూపస్ సుమారు వెయ్యికి ఒకరికి ఉంది. 17 రెట్లు అంటే వెయ్యికి 17. అంటే రోగుల దగ్గరి బంధువులు వెయ్యి మందిని తీసుకుంటే 980 మందికి పైగా ఈ జబ్బు లేదు. పెళ్లి సంబంధాల దగ్గర ‘వాళ్ల వంశంలో లూపస్ ఉందట’ అని వెనక్కి తగ్గేవాళ్లకు ఈ రెండో అంకె కూడా చెప్పాలి.

కొద్ది మందిలో మాత్రం ఒకే ఒక్క జన్యువు పాడవడం వల్ల లూపస్ వస్తుంది. సీ1క్యూ అనే ప్రొటీన్ పూర్తిగా లేనివారిలో నూటికి 90 మందికి లూపస్ లాంటి జబ్బు వస్తుంది. ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పాడైన కాపీలు అందితేనే జరుగుతుంది. అందుకే దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగే సమాజాల్లో ఈ రకం ఎక్కువగా బయటపడుతుంది. సౌదీ అరేబియా కుటుంబాల్లో డీఎన్‌ఏఎస్‌ఈ1ఎల్3 అనే జన్యులోపాన్ని 2011లో అలాగే కనుగొన్నారు. మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు ఉన్న మన తెలుగు రాష్ట్రాలకూ ఇది వర్తిస్తుంది. చిన్న వయసులోనే, అదీ ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు లూపస్ వస్తే వైద్యులు ఈ కోణంలో ఆలోచిస్తారు. పెద్దయ్యాక వచ్చే మామూలు లూపస్‌కు మాత్రం కారణం ఒక జన్యువు కాదు. వందకు పైగా చోట్ల ఉండే చిన్న చిన్న తేడాలు అన్నీ కలిసి ముప్పును కొద్దికొద్దిగా పెంచుతాయి.

అవే జన్యువులు, రకాలు వేరు

ఈ చిన్న తేడాలను వెతికే పద్ధతి సూత్రప్రాయంగా తేలికే. వేల మంది రోగులను, వేల మంది ఆరోగ్యవంతులను తీసుకుని డీఎన్‌ఏలో లక్షల చోట్ల అక్షరాలను పోల్చాలి. రోగుల్లో ఎక్కువగా కనిపించే అక్షరం ముప్పుకు గుర్తు. 2008లో ఇలాంటి పెద్ద అధ్యయనాలు వరుసగా వచ్చాయి. అన్నిటా యూరప్ సంతతివారే. 2009లో చైనా పరిశోధకులు తమ హాన్ జనాభాపై చేసి ఈటీఎస్1, ఐకేజెడ్ఎఫ్1 లాంటి కొత్త జన్యువులను బయటపెట్టారు. యూరప్ జాబితాకు చైనాలో కొత్త పేర్లు చేరడంతో ఒక్క జనాభాను చూస్తే చాలదని అర్థమైంది.

ఇప్పటివరకు తేలినదాన్ని స్థూలంగా చెబితే, లూపస్ ముప్పు పెంచే జన్యువుల్లో చాలావరకు అన్ని ఖండాల వారిలోనూ ఒకటే. రోగనిరోధక కణాలకు ఇంటర్‌ఫెరాన్ సంకేతాలు పంపే ఐఆర్ఎఫ్5, స్టాట్4 జన్యువులు యూరప్‌లోనూ ఆసియాలోనూ ఆఫ్రికా సంతతిలోనూ పదే పదే కనిపిస్తాయి. తేడా ఎక్కడంటే, ముప్పు పెంచే రకం ఎంతమందిలో ఉంది అన్న దగ్గర. స్టాట్4లోని ముప్పు రకం యూరప్‌లో కంటే తూర్పు ఆసియాలో ఎక్కువమందికి ఉంటుంది.

మరికొన్ని రకాలు ఒక జనాభాలో ఉండి, మరో జనాభాలో దాదాపు ఉండవు. పీటీపీఎన్22 జన్యువులో ఒక మార్పు ఉత్తర యూరప్‌వారిలో బాగా కనిపిస్తుంది. లూపస్‌తో పాటు కీళ్లవాతం, టైప్-1 మధుమేహంలోనూ దాని హస్తం ఉంది. తూర్పు ఆసియాలో, ఆఫ్రికాలో అది లేనట్టే. మన ఉపఖండంలోనూ చాలా అరుదు. అమెరికాలో పనిచేసే స్వపన్ నాథ్ బృందం 2008లో ఐటీజీఏఎం జన్యువులో గుర్తించిన మార్పుదీ ఇలాంటి కథే. యూరప్, ఆఫ్రికా సంతతుల్లో అది బలమైన ముప్పు. జపాన్, కొరియాల్లో వెతికితే ఆ మార్పు ఉన్నవారే దొరకలేదు. అక్కడ ఈ జన్యువుకు లూపస్‌తో సంబంధం లేదని అప్పుడే తీర్మానిస్తే తప్పయ్యేది. తర్వాత హాంకాంగ్, థాయ్‌లాండ్‌లలో ఆ మార్పు ఉన్న కొద్దిమందిని పట్టి చూస్తే వారిలోనూ ముప్పు కనిపించింది.

ఎన్‌సీఎఫ్1 ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. 2017లో వెలుగుచూసిన ఈ జన్యుమార్పు కొరియా, చైనా వారిలో లూపస్ ముప్పును మూడు రెట్లకు పైగా పెంచుతుంది. వందలో పది, ఇరవై వంతుల ముప్పు పెంచే తేడాలను కూడా పట్టుకునే అధ్యయనాలు ఇంత పెద్దదాన్ని పదేళ్ల పాటు ఎలా వదిలేశాయి? ఎన్‌సీఎఫ్1కు పక్కనే అచ్చం దానిలాగే ఉండే రెండు నకలు జన్యువులున్నాయి. అసలేదో నకలేదో మామూలు చిప్‌లు తేల్చలేవు కాబట్టి ఆ చోటును పరీక్షలో చేర్చనే లేదు. చిప్‌లో లేని చోట ముప్పు ఉన్నా కనపడదు. యూరప్ డీఎన్‌ఏ ఆధారంగా తయారైన చిప్‌లతో మన జన్యువులను చదివినప్పుడూ ఇలాంటి ఖాళీలు మిగిలే అవకాశం ఉంది.

ఆఫ్రికా సంతతి విప్పిన ముడి

లూపస్‌తో అన్నిటికంటే గట్టి సంబంధం ఉన్నది ఆరో క్రోమోజోమ్‌లోని హెచ్ఎల్ఏ ప్రాంతానికి. ఏది సొంతం, ఏది పరాయి అని రోగనిరోధక కణాలకు చూపించే జన్యువుల గుంపు అది. యూరప్‌వారిలో డీఆర్3 అనే రకం ఉన్నవారికి లూపస్ ఎక్కువ అని 1970ల నుంచే చెబుతూ వచ్చారు. అయితే ఆ పక్కనే సీ4 అనే మరో జన్యువు ఉంది. చనిపోయిన కణాల చెత్తను ఊడ్చేందుకు సాయపడే ప్రొటీన్‌ను అది తయారుచేస్తుంది. లూపస్ రోగులకు రక్తపరీక్షలో సీ3, సీ4 చూస్తారు కదా, అదే సీ4. ఈ జన్యువు కాపీలు ఒక్కొక్కరిలో ఒక్కో సంఖ్యలో ఉంటాయి. కాపీలు తగ్గితే చెత్త పేరుకుంటుంది, ఆ చెత్తలోని డీఎన్‌ఏపైనే యాంటీబాడీలు పుడతాయి.

డీఆర్3 ఉన్న యూరప్‌వారిలో సాధారణంగా సీ4 కాపీలు కూడా తక్కువ. మరి దోషి డీఆర్3నా, సీ4నా? యూరప్ డీఎన్‌ఏను ఎంత చూసినా తేలలేదు. ఎందుకంటే అక్కడ ఆ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి. మానవజాతిలో అత్యంత పాత జనాభా ఆఫ్రికాలో ఉంది. పేకముక్కలను ఎక్కువసార్లు కలిపినట్టు అక్కడి డీఎన్‌ఏ తరతరాలుగా ఎక్కువసార్లు కలగలిసింది. యూరప్‌లో అంటుకుని ఉన్న ముక్కలు ఆఫ్రికా సంతతిలో విడివిడిగా దొరుకుతాయి. 2020లో ‘నేచర్’లో వచ్చిన పరిశోధన ఆఫ్రికన్ అమెరికన్ రోగుల డీఎన్‌ఏను కూడా చేర్చి చూసి, ముప్పులో ప్రధాన పాత్ర సీ4దేనని తేల్చింది. సీ4 తేడాల వల్ల మనిషికీ మనిషికీ మధ్య లూపస్ ముప్పు ఏడు రెట్ల వరకు మారుతుందని ఆ అధ్యయనం లెక్క.

ఇన్నాళ్లూ యూరప్ రోగులతోనే పరిశోధన చేయడం వల్ల మిగతావాళ్లకు అన్యాయం జరిగిందని అంటాం. అది నిజమే. కానీ సీ4 విషయంలో ఆ సంకుచితత్వం వల్ల యూరప్ రోగులకు సంబంధించిన జవాబు కూడా దశాబ్దాలు ఆలస్యమైంది.

ఆఫ్రికా సంతతిలో ఎక్కువగా కనిపించే మరో జన్యువు ఏపీఓఎల్1. ఇందులోని రెండు మార్పులు నిద్రజబ్బు కలిగించే ట్రిపనోసోమా అనే పరాన్నజీవి నుంచి కాపాడతాయి కాబట్టి ఆఫ్రికాలో నిలదొక్కుకున్నాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ వస్తే మాత్రం కిడ్నీలకు ముప్పు. ఆఫ్రికన్ అమెరికన్లలో సుమారు 13 శాతం మందికి ఆ రెండు కాపీలూ ఉంటాయి. లూపస్ వచ్చిన వారిలో ఇవి ఉంటే కిడ్నీలు పూర్తిగా పాడయ్యే ముప్పు సుమారు రెండున్నర రెట్లు అని 2014లో తేలింది. ఈ జన్యువు లూపస్‌ను తెచ్చిపెట్టదు. వచ్చిన లూపస్ కిడ్నీలను ఎంత దూరం తీసుకెళ్తుందన్నదే మారుస్తుంది. నల్లజాతి వారికి లూపస్ తీవ్రంగా ఉంటుందని గంపగుత్తగా చెప్పేవాళ్లు ఈ తేడాను గమనించరు.

అంటువ్యాధుల నీడ మరోచోటా ఉంది. ఎఫ్‌సీజీఆర్2బీ అనే జన్యువులో ఒక రకం యాంటీబాడీల ఉత్పత్తికి బ్రేకులు వదులు చేస్తుంది. రెండు కాపీలూ అదే అయితే హాంకాంగ్‌వారిలోనూ యూరప్‌వారిలోనూ లూపస్ ముప్పు పెరిగింది. కెన్యా పిల్లల్లో అదే రకం తీవ్ర మలేరియా నుంచి కాపాడింది. ఆఫ్రికాలో, ఆసియాలో ఈ రకం ఎక్కువగా ఉండటానికి మలేరియాయే కారణమని పరిశోధకుల అభిప్రాయం. మలేరియా బాగా ఉన్న ఒడిశాలో కటక్ వైద్యులు కూడా రోగనిరోధక జన్యువులకు, మలేరియాకు, లూపస్‌కు ఉన్న ముడిపై పరిశోధనలు చేశారు.

జన్యువా, పేదరికమా?

అమెరికా మూలవాసుల, లాటిన్ అమెరికన్ల డీఎన్‌ఏపై జరిగిన పరిశోధనల్లో మూలవాసుల వాటా పెరిగేకొద్దీ లూపస్ ముప్పు రకాల సంఖ్య కూడా పెరుగుతూ వచ్చింది. యూరప్, ఆఫ్రికా, లాటిన్ అమెరికా సంతతులకు చెందిన 27 వేల మందికి పైగా డీఎన్‌ఏను పోల్చిన 2017 నాటి అధ్యయనం 24 కొత్త చోట్లను చూపింది. చైనా, యూరప్ సమాచారాన్ని కలిపి 2016లో చేసిన మరో విశ్లేషణ, యూరపేతరుల్లో లూపస్ ఎక్కువగా ఉండటానికి జన్యుపరమైన కారణం ఉందని ముగించింది. చైనా, జపాన్, కొరియాలకు చెందిన రెండు లక్షల మందికి పైగా సమాచారంతో 2021లో వచ్చిన విశ్లేషణ 113 చోట్లను గుర్తించింది. అందులో 46 కొత్తవి.

ఇవన్నీ చదివాక జాతే విధి అనిపించవచ్చు. అక్కడే ఆగాలి. టెక్సస్, అలబామా, ప్యూర్టోరికోల్లో రోగులను ఏళ్ల తరబడి అనుసరించిన ‘లూమినా’ అనే అధ్యయనం ఉంది. ప్రకృతా, పరిస్థితులా అన్నదే దాని ప్రశ్న. జబ్బు ముదరడం, మరణాల దగ్గరకు వచ్చేసరికి పేదరికం, చదువు, వైద్యం అందుబాటు లాంటివి బలంగా పనిచేస్తున్నాయని అది చూపింది. పేద కుటుంబంలోని రోగి ఆలస్యంగా ఆస్పత్రికి వస్తుంది, మందులు మధ్యలో ఆపేస్తుంది. అప్పటికి కిడ్నీ పాడైతే దాన్ని జాతి ఖాతాలో రాస్తారు.

ఇక పశ్చిమ ఆఫ్రికాలో లూపస్ అరుదని, అక్కడి నుంచి బానిసలుగా అమెరికాకు తరలించిన వారి సంతతిలో మాత్రం ఎక్కువని చాలాకాలంగా రాస్తున్నారు. ఢిల్లీ, బర్మింగ్‌హామ్ చిక్కు లాంటిదే ఇది. కొందరు మలేరియా వంటి అంటువ్యాధులు లూపస్‌ను అణచిపెడతాయేమో అన్నారు. మరికొందరు అక్కడ రుమటాలజిస్టులూ, ఏఎన్‌ఏ పరీక్షలూ లేకపోతే లూపస్ ఎలా బయటపడుతుందని అడిగారు. నాకు రెండో మాటలోనే బలం ఎక్కువ కనిపిస్తుంది. పరీక్షించగల వైద్యులు, ల్యాబులు పెరిగిన ప్రతిచోటా రోగుల సంఖ్య పెరుగుతూ వచ్చింది.

అన్ని సంతతుల్లోనూ మారని తేడా ఒక్కటే, అది ఆడ, మగ తేడా. రెండు ఎక్స్ క్రోమోజోములతో పుట్టే మగవారిలో, అంటే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ ఉన్నవారిలో, లూపస్ ముప్పు ఇతర మగవారి కంటే సుమారు 14 రెట్లు. హార్మోన్లతో పాటు ఎక్స్ క్రోమోజోమ్‌కూ పాత్ర ఉందని అర్థం. ఆ క్రోమోజోమ్‌పై ఉండే టీఎల్‌ఆర్7 జన్యువు స్త్రీలలో కొన్ని కణాల్లో రెండు కాపీల నుంచీ పనిచేస్తుంది. చిన్న వయసులోనే తీవ్రమైన లూపస్ వచ్చిన స్పెయిన్ బాలికలో ఈ జన్యువులోనే ఒక్క అక్షరం మారి ఉందని, ఆ ఒక్క మార్పే చాలునని కరోలా విన్యూసా బృందం 2022లో నిరూపించింది.

మన దగ్గర ఏముంది?

ప్రపంచ జన్యు పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే, పాల్గొన్నవారిలో యూరప్ సంతతివారు 2009లో 96 శాతం, 2016లో 81 శాతం. మిగిలిన భాగంలోనూ పెద్ద వాటా తూర్పు ఆసియాది.

శాస్త్రవేత్తలు తమ ఫలితాలను పోల్చుకునే ‘1000 జీనోమ్స్’ ప్రాజెక్టులో 26 జనాభాలకు చెందిన 2,504 మంది ఉన్నారు. అందులో దక్షిణాసియా మూలాలవారు 489 మంది. వారిలో 102 మంది తెలుగువాళ్లు. కానీ ఆ నమూనాలను సేకరించింది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కాదు, బ్రిటన్‌లో. ఐటీయూ అనే ఆ మూడక్షరాల గుర్తుకు అర్థమే ‘యూకేలోని భారతీయ తెలుగువారు’. లూపస్ సహా ఎన్నో జబ్బుల పత్రాల్లో ‘దక్షిణాసియాలో ఈ రకం ఇంతమందిలో ఉంది’ అనే వాక్యం వెనక ఆ 102 మంది ఉంటారు. తెలుగు సమాజంలోని ఇన్ని కులాలకూ తెగలకూ వలస వెళ్లగలిగిన ఆ కొద్దిమంది ప్రతినిధులవుతారా అంటే, కాలేరు.

ఎందుకు కాలేరో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలే చూపించారు. లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ తదితరులు హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన, భారతీయుల్లో ఎక్కువమంది రెండు ప్రాచీన జనసమూహాల కలయిక అని, ఆ పాళ్లు ప్రాంతాన్ని, కులాన్ని బట్టి మారుతాయని చెప్పింది. తంగరాజ్, రైక్ బృందాల 2017 అధ్యయనం ఇంకా ముందుకెళ్లింది. దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయని తేలింది. వాటిలో 14 సమూహాల జనాభా పది లక్షలకు పైనే. లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల అరుదైన జన్యులోపాలు అక్కడ పోగవుతాయి. వైశ్యుల్లో కొందరికి శస్త్రచికిత్స సమయంలో ఇచ్చే ఒక కండరాల సడలింపు మందు పడదన్నది మత్తు వైద్యులకు తెలిసిన విషయమే. లూపస్ ముప్పు రకాలు కూడా ఒక్కో సమూహంలో ఒక్కో స్థాయిలో ఉండే అవకాశముంది. ‘దక్షిణాసియన్’ అనే ఒక్క గడి మనకు చాలదు.

భారత్‌లో లూపస్ జన్యువులపై పరిశోధనలు లేవని కాదు. పుదుచ్చేరి జిప్‌మర్ బృందం దక్షిణ భారత తమిళులపై టీఎల్‌ఆర్2, టీఎల్‌ఆర్9 వంటి జన్యువులను పరిశీలించింది. కానీ ఇలాంటివాటిలో ఎక్కువ భాగం వందల మంది రోగులతో, ముందే ఎంచుకున్న ఒకటి రెండు జన్యువులపై జరిగినవి. రెండు లక్షల మంది తూర్పు ఆసియా అధ్యయనం పక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఇప్పుడు రెండు మంచి పునాదులు పడ్డాయి. ఒకటి, హైదరాబాద్ నిమ్స్ సహా పలు ఆస్పత్రులు కలిసి కొత్తగా లూపస్ తేలిన రోగులను నమోదు చేసి అనుసరిస్తున్న ‘ఇన్‌స్పైర్’. రెండోది, 83 జనసమూహాల నుంచి దాదాపు 10 వేల మంది పూర్తి జన్యుపటాలతో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చిన ‘జీనోమ్ ఇండియా’. ఆరోగ్యవంతుల పటం ఒక వైపు, రోగుల రిజిస్టర్ మరో వైపు ఉన్నాయి. ఈ రెంటినీ కలిపే పెద్ద లూపస్ అధ్యయనం మనకు కావాలి.

ఆస్పత్రిలో దీని ఉపయోగం

లాలాజలం పంపితే జబ్బుల ముప్పు స్కోరు ఇస్తామనే కంపెనీలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఆ స్కోర్లకు పునాది ఎక్కువగా యూరప్ సమాచారమే. యూరప్‌వారికి లెక్కకట్టిన స్కోరు ఇతరులకు వాడితే కచ్చితత్వం పడిపోతుందని 2019లోనే పరిశోధకులు చూపించారు. లూపస్‌ను నిర్ధారించేది రోగి చెప్పే లక్షణాలు, వైద్యుడి పరీక్ష, ఏఎన్‌ఏ, డీఎస్-డీఎన్‌ఏ యాంటీబాడీలు, సీ3, సీ4, మూత్రంలో ప్రొటీన్. జన్యు స్కోరు కాదు. బాల్యంలో వచ్చే ఏకజన్యు లూపస్ అనుమానం ఉన్నప్పుడు జన్యుపరీక్ష అవసరం అవుతుంది, అదీ వైద్యుల సలహాతో.

అయితే పూర్వీకుల విషయం నేరుగా మందుల చీటీ మీదికి వచ్చే చోటు ఒకటుంది. లూపస్‌లో విరివిగా వాడే అజాథియోప్రిన్ కొందరిలో తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది, కొందరికి జుట్టంతా రాలిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో దీన్ని ముందే పసిగట్టేందుకు టీపీఎంటీ అనే ఎంజైమ్ పరీక్ష చేస్తారు. ఆ లోపం యూరప్‌వారిలోనే ఎక్కువ. టీపీఎంటీ బాగానే ఉన్నా ఆసియా రోగులకు రక్తకణాలు ఎందుకు పడిపోతున్నాయో 2014లో కొరియా పరిశోధకులు పేగుజబ్బు రోగుల్లో కనిపెట్టారు. కారణం ఎన్‌యూడీటీ15 అనే వేరే జన్యువు. ఇందులోని లోపం తూర్పు ఆసియాలో ప్రతి వంద జన్యుకాపీల్లో పదింటిలో, మన దక్షిణాసియాలో సుమారు ఏడింటిలో ఉంటుంది. యూరప్‌లో ఒకటి కూడా ఉండదు. 2018 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో టీపీఎంటీతో పాటు ఎన్‌యూడీటీ15నూ చేర్చారు. రెండు కాపీలూ లోపమున్నవారికి మామూలు మోతాదు ప్రాణాంతకం కావచ్చు. ఒక కాపీ ఉన్నవారికి మోతాదు తగ్గించాలి.

టీపీఎంటీ ఒక్కటే చేయించి ‘జన్యుపరీక్ష నార్మల్’ అని రిపోర్టు తెచ్చుకున్న భారతీయ రోగికి పూర్తి భరోసా లేనట్టే. అజాథియోప్రిన్ మొదలుపెట్టే ముందు ఎన్‌యూడీటీ15 పరీక్ష గురించి వైద్యుడిని అడగవచ్చు. అది అందుబాటులో లేకపోతే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, తొలి వారాల్లో రక్తకణాల లెక్క తరచూ చూసుకుంటూ పెంచుతారు. జ్వరం వచ్చినా, జుట్టు ఒక్కసారిగా ఊడటం మొదలైనా తర్వాతి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా అదే రోజు వైద్యుడికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.